టైరు పేలితే... బ్రేకు తొక్కొద్దు!

వేసవి మొదలైతే చాలు, జిల్లా పేజీల్లో ఒక వార్త పదే పదే కనిపిస్తుంది. ఊరు మారుతుంది, బండి మారుతుంది, పోయినవాళ్ల పేర్లు మారతాయి. వాక్యం మాత్రం మారదు: ‘టైరు పేలడంతో కారు అదుపు తప్పి, డివైడర్‌ను ఢీకొట్టి పల్టీలు కొట్టింది.’ చదివి, ‘అయ్యో, వాళ్ల రాత అలా ఉంది’ అనుకుని పేజీ తిప్పేస్తాం.

ఆ ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. టైరు పేలడం ఒకటి. అదుపు తప్పడం ఇంకొకటి. ఢీకొట్టడం మరొకటి. మొదటిది జరిగింది కాబట్టి మిగతా రెండూ జరిగి తీరాలని ఎక్కడా లేదు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య డ్రైవరుకు చిక్కేది మూడు నాలుగు సెకన్లు. అప్పుడు ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో తెలిసినవాళ్లు బండిని మెల్లగా పక్కకు తీసి దిగుతారు. తెలియనివాళ్లు వార్త అవుతారు.

ఇది రాత కాదని న్యాయస్థానమే చెప్పింది. 2010లో పుణె నుంచి ముంబయి వెళ్తున్న ఒక కారు టైరు పేలి లోతైన గోతిలో పడింది. ఒక కుటుంబం తన పెద్దదిక్కును పోగొట్టుకుంది. ట్రైబ్యునల్ సుమారు కోటీ పాతిక లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంటే, టైరు పేలడం దైవఘటన కాబట్టి మా బాధ్యత లేదంటూ బీమా సంస్థ బాంబే హైకోర్టుకు వెళ్లింది. 2023లో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మితిమీరిన వేగం, గాలి తక్కువ కావడం, ఎక్కువ కావడం, పాత టైర్లు, వేడి... వీటివల్లే టైర్లు పేలుతాయని, బయల్దేరేముందు వాటిని చూసుకోవాల్సింది నడిపేవారూ యజమానులేనని, ఇది మనిషి నిర్లక్ష్యమే తప్ప దైవఘటన కాదని తేల్చింది.

టైరు పేలకముందు, పేలిన క్షణంలో, బండి ఆగిన తర్వాత... ఈ మూడు చోట్లా ప్రాణం మన చేతిలోనే ఉంది. అసలు గండం నడిమి క్షణంలోనే కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

ఆ నాలుగు సెకన్లు

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి వరుసల్లో గరిష్ఠ వేగాన్ని 2023లో 120కి పెంచారు. ఆ వేగంలో అయితే సెకనుకు 33 మీటర్లు. ‘ఢాం’ అన్న చప్పుడు వినపడి, అదేమిటో బుర్రకెక్కి, కాలు కదిలేసరికే బండి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

భయపడ్డ మనిషి కాలు తనకు తెలియకుండానే పోయేది బ్రేకు మీదికి. చేతులు స్టీరింగ్‌ను తిప్పేది బండి లాగుతున్న దిక్కుకు ఎదురుగా, అదీ ఒక్క విసురున. ప్రాణం మీదికి తెచ్చేవి ఈ రెండే.

ఎందుకంటే, గాలి పోయిన చక్రం మిగతా మూడింటిలా తేలిగ్గా దొర్లదు. రోడ్డును పట్టుకుని ఈడుస్తుంది. ముందు ఎడమ టైరు పోతే బండి ఎడమకు లాగుతుంది, కుడిది పోతే కుడికి. ఆ సమయంలో బ్రేకు గట్టిగా తొక్కితే బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది. పట్టున్న చక్రాలు ఒక తీరుగా, పట్టు పోయిన చక్రం ఇంకో తీరుగా ఆగబోతాయి. ఆ తేడాకే బండి గిర్రున అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బండి రిమ్ము అంచు తారులో దిగబడితే ఇక పల్టీయే. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలకు, పైన సామాను కట్టిన బండ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. వెనక టైరు పేలినప్పుడు స్టీరింగ్ పెద్దగా లాగదు కానీ సీటు కింద బండి తోక ఊగుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు బ్రేకు తొక్కితే వెనక బరువు ఇంకా తగ్గి ఆ ఊపు పెరుగుతుంది.

మరి ఏం చేయాలి?

ఒకటి: రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి. బండిని మీ వరుసలోనే, తిన్నగా ఉంచడం ఒక్కటే ఆ క్షణంలో మీ పని. పక్కకు లాగుతుంటే కొద్దికొద్దిగా సవరించండి, విసురుగా తిప్పొద్దు. ఒంటిచేత్తో నడిపే అలవాటు ఎంత ప్రమాదమో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

రెండు: బ్రేకు జోలికి పోవద్దు. హ్యాండ్ బ్రేకు అసలే వద్దు.

మూడు: యాక్సిలరేటర్ మీది కాలు కూడా ఠక్కున ఎత్తేయొద్దు. బండి తిన్నగా నిలబడేదాకా ఒకటి రెండు క్షణాలు కాలును ఉన్నచోటే ఉంచి, ఆ తర్వాత మెల్లమెల్లగా వదలండి. ఠక్కున వదిలినా కొంత బ్రేకు వేసినట్టే అవుతుంది. గేరు ఒక్కసారిగా దించినా అంతే. క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకుని ఉంటే బటన్‌తో తీసేయండి.

నాలుగు: వేగాన్ని దానంతటదే తగ్గనివ్వండి. గాలి పోయిన టైరే బండిని వెనక్కి లాగుతుంటుంది. బండి ఆగడానికి మీరు తొందరపడక్కర్లేదు.

ఐదు: వేగం 40కి దిగాక, అద్దంలో వెనక చూసుకుని, ఇండికేటర్ వేసి ఎడమ మార్జిన్‌కు తీసుకెళ్లండి. బ్రేకు అప్పుడు వాడండి, అదీ మెత్తగా. ఆ తర్వాత నాలుగు లైట్లూ వెలిగించండి.

ఏబీఎస్, ఈఎస్‌సీ లాంటి ఏర్పాట్లున్న కార్లు ఇలాంటప్పుడు కొంత ఆదుకుంటాయి. వాటిని నమ్ముకుని బ్రేకు తొక్కేయవచ్చని కాదు. గాలి లేని టైరుకు పట్టు తెచ్చిపెట్టే యంత్రం ఏ కారులోనూ లేదు.

అన్ని టైర్లూ పేలవు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి గంటల తరబడి మెల్లగా పోతుంది. స్టీరింగ్ బరువెక్కడం, నున్నటి రోడ్డు మీద కూడా బండి ఒక పక్కకు లాగడం, దబదబమని చప్పుడు రావడం దాని గుర్తులు. ‘ముందు ఊళ్లో చూద్దాంలే’ అని అదే వేగంతో పోతేనే ఆ చిన్న పంక్చరు పెద్ద పేలుడు అవుతుంది. వేగం తగ్గించి, దగ్గర్లో క్షేమమైన చోటు చూసుకుని ఆపండి. మేకు కనిపిస్తే పీకొద్దు. షాపుకు చేరేదాకా ఉన్న కాస్త గాలినీ అదే ఆపి ఉంచుతుంది.

ద్విచక్ర వాహనానికి సమయం ఇంకా తక్కువ

బైకు మీద ముందు టైరు పోతే హ్యాండిల్ కొట్టుకుంటుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. తప్పదనుకుంటే వెనకది మెత్తగా వాడండి. వెనక టైరు పోతే బండి వెనక భాగం అటూ ఇటూ ఈత కొడుతుంది. అప్పుడు వెనక బ్రేకు వద్దు. స్కూటర్లలో, 125 సీసీ లోపు బైకుల్లో చాలావాటికి ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడే ఏర్పాటు ఉంటుంది. అందుకే వేగం బాగా తగ్గేదాకా ఏ బ్రేకూ వాడకపోవడమే మేలు. వెనక కూర్చున్నవారు కంగారుపడి ఒక పక్కకు ఒరగకుండా, నడిపేవారిని ఆనుకుని కదలకుండా ఉండాలి. ఈ ముక్క వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

లారీలది ఇంకో బాధ. వెనక చక్రాలు జంటగా ఉంటాయి. లోపలి టైరులో గాలి పోయినా బయటిది బరువు మోస్తుంటుంది కాబట్టి డ్రైవరుకు తెలియదు. బయటిది రెండింటి బరువూ మోసి మోసి పేలుతుంది, లేదా గాలి లేని లోపలిది రాపిడికి వేడెక్కి మంటలు లేస్తాయి. దాబా దగ్గర లారీ ఆగగానే క్లీనర్ దిగి ఇనప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టుకుంటూ పోవడం చూసే ఉంటారు. గాలి నిండుగా ఉన్న టైరు ఖణీమని ఎదురుకొడుతుంది. గాలి లేనిది చచ్చు చప్పుడు చేస్తుంది. రాత్రంతా బండి తోలేవాళ్లు ఆ చప్పుడు మీద ప్రాణాలు పెట్టుకుని తిరుగుతారు. కారు నడిపే మనం ఆ మాత్రం శ్రద్ధ కూడా పెట్టం.

ఆగాక మొదలయ్యే రెండో గండం

టైరు పేలినా బండిని తిన్నగా ఆపగలిగారంటే మొదటి గండం గడిచినట్టే. చాలామంది ఊపిరి పీల్చుకుని దిగి, బండి వెనక నిలబడి, టైరు వైపు చూస్తూ ఫోన్ చేస్తుంటారు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు, అందులోనూ తెల్లవారుజామున కునుకు పట్టే వేళ, ఆగి ఉన్న బండి కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది. అది ఆగి ఉందని అర్థమయ్యేసరికి సమయం మించిపోతుంది.

కాబట్టి ఎక్కడ ఆపామన్నదే ఇక్కడ ప్రాణం. మలుపులో, వంతెన మీద, ఫ్లైఓవర్ మీద, దారిపొడుగునా వాహనాలు పోయే వరుసలో ఆపకండి. అవసరమైతే ఆ చితికిన టైరు మీదే నడక వేగంతో ఇంకో అర కిలోమీటరు పోయి వెడల్పాటి మార్జిన్, పెట్రోలు బంకు, టోల్ గేటు ఏది దొరికితే అక్కడ ఆపండి. రిమ్ము పాడైపోతుందని వెనకాడొద్దు. రిమ్ము ఇంకొకటి కొనుక్కోవచ్చు.

ఆపిన వెంటనే అందరూ ఎడమ తలుపుల నుంచే దిగాలి. పిల్లలను, పెద్దవాళ్లను ‘మీరు లోపలే కూర్చోండి’ అనకండి. నిద్రపోతున్న పసిపిల్లనైనా ఎత్తుకుని దిగండి. రోడ్డు పక్కన ఇనప రెయిలింగ్ ఉంటే దానికి అవతల, లేకపోతే రోడ్డుకు వీలైనంత ఎడంగా నిలబడండి. బండికి ముందు నిలబడితే, వెనక నుంచి ఏదైనా గుద్దినప్పుడు ఆ బండే మీ మీదికి వస్తుంది. వెనక నిలబడితే మీ టెయిల్ లైట్లకు మీరే అడ్డం.

హెచ్చరిక త్రికోణాన్ని బండికి కనీసం 50 మీటర్లు వెనక పెట్టాలి. హైవే మీద వేగాలను బట్టి ఇంకా దూరంగా పెడితే ఇంకా మంచిది. దాన్ని పట్టుకుని వెళ్లేటప్పుడు ఎదురుగా వచ్చే బండ్ల వైపు ముఖం పెట్టి, రోడ్డు అంచు వెంబడే నడవండి. రాత్రి అయితే ఫోన్ లైటు వెలిగించి పట్టుకోండి. త్రికోణం లేదని రాళ్లు పేర్చి, కొమ్మలు విరిచి పెట్టడం మన రోడ్ల మీద మామూలు. పని అయిపోయాక ఆ రాళ్లను అక్కడే వదిలేసి పోవడం కూడా మామూలే. వెనక బైకు మీద వచ్చే మనిషికి ఆ రాయే యముడు. పెట్టిన చేత్తోనే తీసేయాలి.

జాతీయ రహదారుల మీద ఎక్కడ ఆగిపోయినా 1033కి ఫోన్ చేయవచ్చు. ఇది జాతీయ రహదారుల సంస్థ సహాయ నంబరు. గస్తీ వాహనం, క్రేన్, అంబులెన్స్ లాంటివి వాళ్ల దగ్గర ఉంటాయి. ఏ రహదారి, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద అంకె ఎంత, విజయవాడ వైపా హైదరాబాద్ వైపా అన్నది చెబితే వాళ్లు తొందరగా చేరతారు. దెబ్బలు తగిలితే 108, ఇంకే ఆపదకైనా 112.

చక్రం మార్చడం: బలం కన్నా వరుస ముఖ్యం

రోడ్డు వైపున్న కుడి చక్రం పోయి, పక్కనుంచే లారీలు దూసుకుపోతుంటే అక్కడ కూర్చుని మార్చే సాహసం చేయకండి. సాయం వచ్చేదాకా ఆగండి, లేదా బండిని ఇంకా లోపలికి తీయండి. చోటు క్షేమంగా, నేల గట్టిగా, చదునుగా ఉంటే మార్చడం ఎవరికైనా సాధ్యమే.

హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టండి. ఆటోమేటిక్ అయితే ‘పి’లో పెట్టండి. పోయిన చక్రానికి మూలగా అవతల ఉన్న చక్రానికి ముందూ వెనకా రాయి పెట్టండి. నట్లను జాకీ ఎత్తకముందే కొద్దిగా వదులు చేయాలి. చక్రం గాల్లో ఉంటే అది తిరుగుతుందే తప్ప నట్టు కదలదు, పైగా ఆ ఊపుకు బండి జాకీ మీంచి జారుతుంది. నట్టు బిగుసుకుపోతే స్పానర్ పిడి మీ ఎడమ వైపుకు, నేలకు సమంగా వచ్చేలా తగిలించి దాని మీద పాదంతో అదమండి. చేతి బలంతో రాని నట్టు ఒంటి బరువుకు వస్తుంది. ఆడవాళ్లకు ఇది చేతకాదనుకునే ఇళ్లలో ఒక్కసారి ఇలా చేయించి చూడండి.

జాకీ ఎక్కడ పెట్టాలో బండితో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. తలుపు కింది అంచున ఆ చోటు గట్టిగా, గుర్తుగా ఉంటుంది. వేరేచోట పెడితే రేకు వంగుతుంది. బండి లేపేముందు స్టెప్నీని బండి కిందికి తోయండి. జాకీ జారినా బండి నేలకు తగలకుండా అది ఆపుతుంది. లేచిన బండి కింద చేయి, కాలు, తల ఏదీ పెట్టొద్దు. కొత్త చక్రం ఎక్కించాక నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. బండి దించాక ఇంకోసారి గట్టిగా బిగించి, ఓ 50 కిలోమీటర్లు పోయాక మళ్లీ సరిచూసుకోవాలి.

స్టెప్నీ మిగతా నాలుగింటికన్నా సన్నగా ఉంటే అది షాపుదాకా తీసుకెళ్లడానికి మాత్రమే. దాని మీద రాసి ఉన్న వేగం, చాలావాటికి 80, దాటకూడదు. అసలు మీ బండిలో స్టెప్నీ ఉందా? 2020లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్, రిపేరు కిట్టు ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదు. కిట్టుతో ముళ్లు, మేకుల చిల్లులు పూడతాయి. పేలిన టైరుకు అది పనికిరాదు. ఈ సంగతి అర్ధరాత్రి డిక్కీ తెరిచినప్పుడు కాకుండా, బండి కొనేటప్పుడే తెలుసుకోవాలి.

నల్లటి పొడి చెప్పే నిజం

సూర్యాపేట దాటాక విజయవాడ హైవే పక్కన ఒక టైర్ల షాపు. మే నెల మధ్యాహ్నం. పంక్చరని వచ్చిన కారు చక్రాన్ని విప్పి, మెషీన్ మీద టైరును రిమ్ము నుంచి ఊడదీశాడు షాపు కుర్రాడు. బయటికి చూస్తే టైరుకు ఏ లోపమూ లేదు, గాడులు కూడా బాగానే ఉన్నాయి. దాన్ని నిలబెట్టి నేలకేసి తట్టాడు. లోపల్నుంచి నల్లటి పొడి జలజలా రాలింది. రెండు గుప్పిళ్లకు తక్కువ ఉండదు.

“గాలి ఎప్పుడు చూపిచ్చిన్రు సార్?”

“సంక్రాంతికి ముందు సర్వీసింగ్‌కి ఇచ్చాం తమ్ముడూ. అప్పుడు వాళ్లే చూశారు.”

“సంక్రాంతి పోయె, ఉగాది గూడ అయిపాయె గద సార్. గాలి లేకుంటనే ఉరికిచ్చిన్రు. ఇగో, గీ పొడి సూడున్రి. లోపల్లోపలే నలిగింది. దీనికి ప్యాచ్ ఏస్తే పైసలొస్తయ్ గని, పాపమొస్తది. నేనెయ్య.”

ఆ పొడి టైరు లోపలి రబ్బరే. గాలి చాలని టైరు పక్కలు రోడ్డుకు ఆనిన ప్రతిసారీ లోపలికి మడతపడి మళ్లీ లేస్తాయి. 100 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు 14 సార్లకు పైగా తిరుగుతుంది. అంటే ఆ మడత సెకనుకు 14 సార్లు. ఇనప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగుతుంది చూడండి, టైరు లోపలి దారాలకూ అదే గతి. పైన ఎండ, కింద కాలే తారు, డిక్కీలో పెళ్లి సామాను, ఏడుగురి బండిలో పదిమంది... వీటన్నిటి వేడీ దానికి తోడవుతుంది. టైరు పేలేది ఇప్పుడే అయినా చావడం ఎప్పుడో మొదలవుతుంది.

టైర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట, మనం ఎప్పుడూ నమ్మని మాట ఒకటుంది. వేసవిలో టైర్లు పేలేది గాలి ఎక్కువైనందువల్ల కన్నా, గాలి తక్కువైనందువల్లే ఎక్కువ.

‘ఎండాకాలం కదా, నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టు’

బంకుల్లో ఈ మాట రోజూ వినిపిస్తుంది. వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందన్న భయం. గాలి పెరిగే మాట నిజమే. టైరు వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. కానీ కంపెనీ ఆ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుని, చల్లటి టైరులో ఎంత ఉండాలో చెబుతుంది. 33 ఉండమన్న టైరు హైవే మీద గంట పరుగు తర్వాత 37, 38 చూపిస్తే అది సహజం. ఎక్కువైందని అప్పుడు 33కి దించేస్తే, మర్నాడు పొద్దున చల్లారాక దానిలో ఉండేది 28, 29. అంటే పేలుతుందన్న భయంతో, పేలే దారిలోనే పెట్టాం.

కాబట్టి గాలి పొద్దున్నే, బండి కదలకముందు, లేదా ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల లోపు చూపించాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద, కొన్ని బండ్లకు పెట్రోలు మూత వెనక రాసి ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత పెట్టాలో కూడా అక్కడే ఉంటుంది. తిరుపతికో శ్రీశైలానికో కుటుంబమంతా కదిలేటప్పుడు ఆ రెండో అంకె చూడాలి. టైరు మీద అచ్చుపోసి ఉండేది దాటకూడని గరిష్ఠ ఒత్తిడి, కొట్టించాల్సిన గాలి కాదు. నైట్రోజన్ నింపిస్తే ఇక చూడనక్కర్లేదన్నదీ అపోహే. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ కాస్త నిదానంగా తగ్గుతుంది, అంతే. చూపించే పని తప్పదు.

టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది. డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు వెతకండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించాలని, ఎంత బాగా కనిపించినా పదేళ్లు దాటాక వాడొద్దని టైర్ల కంపెనీలే చెబుతున్నాయి. తిరగని స్టెప్నీకీ ఈ లెక్క వర్తిస్తుంది. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు పని అయిపోయినట్టే. గాడుల అడుగున చిన్న చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమం అయిందంటే అదే ఆ గుర్తు. పక్కన బుడిపెలా ఉబ్బితే లోపలి దారాలు తెగాయని అర్థం. ఆ టైరుతో హైవే ఎక్కొద్దు. గాడుల మధ్య పడిన చిన్న చిల్లుకు ప్యాచ్ నిలబడుతుంది, పక్కన చినిగితే నిలబడదు.

అమెరికా కొన్న పాఠం

గాలి తక్కువైతే ఏమవుతుందో అమెరికా చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1990ల్లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర హైవే వేగంలో ఊడిపోవడం, బండ్లు పల్టీ కొట్టడం మొదలైంది. ఎండలు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఇవి మరీ ఎక్కువ. తప్పెవరిదన్న వాదులాటలో గాలి లెక్క కూడా బయటపడింది. ఫోర్డ్ 26 పీఎస్‌ఐ చాలంది, ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ఈ ప్రమాదాల్లో 271 మంది చనిపోయినట్టు అక్కడి రహదారి భద్రతా సంస్థ నమోదు చేసింది. అదే ఏడాది కొత్త చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే ప్రతి కారులో, టైరు గాలి చెప్పినదానికన్నా 25 శాతం తగ్గితే డ్రైవరు ముందు లైటు వెలగాల్సిందే.

గుర్రపునాడా ఆకారం మధ్యలో ఆశ్చర్యార్థకం, పసుపు రంగులో వెలిగే ఆ గుర్తు ఇప్పుడు మన కార్లలోనూ చాలావాటిలో వస్తోంది. అది వెలిగితే ‘సెన్సరు పాడైందేమో’ అనుకుని నడిపేయకండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకూ ఇదే మాట చెప్పండి. అక్కడ పక్కకు తీయాల్సింది కుడి మార్జిన్‌కు, ఆపదలో ఫోన్ చేయాల్సిన నంబరు 911. మిగతా అంతా ఒకటే. బ్రేకు తొక్కకూడదన్నది ఏ దేశంలోనైనా ఒకటే.

నేర్పాల్సినవాళ్లు నేర్పాలి

మన దగ్గర లైసెన్సుకు వెళ్తే ట్రాకు మీద 8 అంకె వేయిస్తారు, వెనక్కి తీయిస్తారు. టైరు పేలితే కాలు ఎక్కడ ఉండాలో చేయించి చూపే పరీక్ష లేదు. డ్రైవింగ్ స్కూళ్లలో క్లచ్, గేరు నేర్పడంతోనే సరిపోతోంది. రోడ్లు మాత్రం మారిపోయాయి. నాలుగు వరుసల హైవే మీద కారుకు 100, ఎక్స్‌ప్రెస్ వే మీద 120 దాకా వెళ్లేలా కేంద్రం 2018లోనే పరిమితులు పెంచింది. రోడ్డు వేగం పెరిగినంతగా నడిపేవారి తెలివిడి పెరగలేదు. ఆ రెండింటి మధ్య తేడాకు మూల్యం ప్రాణాలతో కడుతున్నాం.

చేయగలిగినవి చాలానే ఉన్నాయి. మహారాష్ట్రలో నాగ్‌పుర్, ముంబయిలను కలిపే సమృద్ధి మహామార్గ్ మీద ప్రమాదాలు పెరిగినప్పుడు, అరిగిన టైర్లతో వచ్చిన బండ్లను ఆపి వెనక్కి పంపారు. మన ఔటర్ రింగ్ రోడ్డు ప్రవేశాల దగ్గర, ఎన్‌హెచ్ 65, 44, 16 టోల్ ప్లాజాల దగ్గర వేసవి మూడు నెలలైనా ఆ పని చేయవచ్చు. గాలి చూసే మీటరు, గాడుల లోతు చూసే చిన్న కొలబద్ద, ఒక మనిషి ఉంటే చాలు. అద్దె కార్లు, కాలేజీ బస్సులు నడిపేవాళ్లు రోజువారీ పుస్తకంలో డీజిల్ లెక్కతో పాటు టైరు గాలి లెక్కా రాయించాలి. డ్రైవింగ్ స్కూళ్లు ఖాళీ మైదానంలో నెమ్మది వేగంలోనైనా ‘పేలింది అనుకో’ అని ఒకటికి పదిసార్లు చేయించాలి. అసలు సమయానికి ఆలోచించే వ్యవధి ఉండదు. ముందే అలవాటైన కాలు, చేయి మాత్రమే పనికొస్తాయి.

అవన్నీ జరిగేలోపు మన పని మనం చేయవచ్చు. ఇవాళ ఆదివారం. బండి ఇంటి ముందే ఉంటుంది. ఎండెక్కకముందే వెళ్లి నాలుగు టైర్లూ చుట్టూ తిరిగి చూడండి. పక్కల మీద చెయ్యి పెట్టి ఉబ్బులు, చీలికలు ఉన్నాయేమో తడమండి. నాలుగంకెలు వెతికి వయసు చూడండి. స్టెప్నీ బయటికి తీసి దానికీ గాలి కొట్టించండి. జాకీ, స్పానర్, త్రికోణం ఉన్నాయో లేదో చూసుకోండి. 1033ను ఫోనులో దాచుకోండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరినీ, నిన్నగాక మొన్న లైసెన్సు వచ్చిన పిల్లలతో సహా, ఒకచోట కూర్చోబెట్టి ‘టైరు పేలితే ఏం చేస్తావు?’ అని అడగండి. ‘బ్రేకు వేస్తా’ అన్న జవాబు వస్తే, సరైన జవాబు నోటికి వచ్చేదాకా ఆ బండి తాళాలు వాళ్లకివ్వకండి.